ట్రేలో పెట్టని పిన్నీసు

ఇరవై రెండేళ్లు నేను ఒక పెద్ద స్టీలు డ్రమ్ము ముందు కూర్చుని బతికాను. మూడు కాళ్ల మీద నిలబడి, నాకంటే కాస్త ఎత్తుగా, పాలకేంద్రంలో ట్యాంకులా ఉండేది. లోపల ఒక తీగచుట్ట, దాని చుట్టూ ద్రవ హీలియం, ఆ బయట ద్రవ నైట్రోజన్. అంత చలిలో ఆ తీగలో ఒక్కసారి కరెంటు ఎక్కిస్తే ఇక తిరుగుతూనే ఉంటుంది. ఊళ్లో కరెంటు పోయినా, వాయుగుండం వచ్చి స్తంభాలు కూలినా దానికి పట్టదు. చలి పోనంతకాలం అది అయస్కాంతమే. చూసినవాళ్లు దాన్ని నా ఉద్యోగం అనుకునేవాళ్లు. నేను నా ప్రాణం అనుకునేదాన్ని. ఇప్పుడా మాట రాయడానికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే దానికోసం ఒక మంచి మనిషికి అన్యాయం చేశాను.

మా పరిశోధన సంస్థ చిల్లకూరు దాటాక సముద్రం వైపు ఉండేది. దారంతా తెల్ల ఇసుక లారీలు. ఆ ఇసుకతో గాజు చేస్తారట. మేము వాడే సన్నటి గాజు గొట్టాలు మాత్రం ఎక్కణ్ణుంచో పార్సిల్లో వచ్చేవి, అందులో సగం దారిలోనే విరిగేవి.

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే ఇలా చెప్పేదాన్ని. అణువులో ఉన్న ప్రతి హైడ్రోజనూ ఒక బుల్లి అయస్కాంతం. దాన్ని పెద్ద అయస్కాంతంలో పెట్టి రేడియో తరంగంతో తడితే, తన పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒక్కొక్కటి ఒక్కో స్వరంలో పలుకుతుంది. ఆ స్వరాలు కాగితం మీద గీతలుగా పడతాయి. గీత ఎంత సన్నగా ఉంటే పక్కనున్నవాళ్ల సంగతి అంత స్పష్టంగా తెలుస్తుంది. గీత లావైతే ఇద్దరు ఒకరిలా కనిపిస్తారు. గీత సన్నగా పడాలంటే లోపలి అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండాలి.

మా నాన్న చిట్టమూరు దగ్గర వరి పండించే రైతు. ఇదంతా విని, "అంటే మడంతా ఒకే మట్టాన ఉండాలన్న మాట. లేకపోతే నీళ్లు ఒక మూల నిలబడతాయి" అన్నాడు. నా పీహెచ్‌డీ గైడు కూడా అంత బాగా చెప్పలేదు.

అయితే ఆ మడిని చదును చేసేది నేను కాదు. యంత్రం నడిపే ఆపరేటర్ ఒకాయన ఉండేవారు. నాయుడుపేటలో గడియారాలు బాగుచేసే ముస్లిం కుటుంబం వారిది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన మేడం అనేవారు. క్షేత్రాన్ని సమం చేయడానికి మా పాత యంత్రానికి ఇరవై దాకా నాబ్‌లు ఉండేవి. ఒకటి తిప్పితే ఇంకొకటి చెడుతుంది. నేను గంటసేపు తిప్పి విసుక్కుని లేచిపోయే పనిని ఆయన పావుగంటలో ముగించేవారు. ఊపిరి బిగబట్టి, వేలి కొనతో వెంట్రుకవాసి కదిపేవారు. వాచీలు చేసిన చెయ్యి కదా అనేవాళ్లు అందరూ. ఒక వానాకాలం వాగు పొంగి బస్సులు ఆగిపోతే, నైట్రోజన్ పోయాల్సిన రోజని ట్రాక్టరెక్కి వచ్చారు. మోకాళ్ల దాకా బురద. "చలి పోతే మళ్లీ రాదు గదా మేడం" అన్నారు.

గది తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ ట్రే పట్టుకుని నిలబడేవారు. లోపలికి వచ్చేవాళ్లు తాళాలు, వాచీలు, బెల్టులు అందులో పెట్టాలి. మొదట తన తండ్రి ఇచ్చిన వాచీ తీసి పెట్టేవారు. మా డైరెక్టరు గారి చేత కూడా బెల్టు విప్పించిన మనిషి. యంత్రం పక్కనే ఒక పొడుగు నోట్‌బుక్కు ఉండేది. రోజూ పొద్దున గీత వెడల్పు కొలిచి అందులో రాసేవారు. ఎవరొచ్చారు, ఏ నమూనా పెట్టారు, నైట్రోజన్ ఎంత పోశారు, అన్నీ ఉండేవి. నేను ఆ పుస్తకం తెరిచేదాన్ని కాదు. ఆయన రాస్తున్నారు కదా అని ధీమా.

పన్నెండేళ్ల కింద, దసరాకి ముందు, నాకు ఒక మంచి సంగతి దొరికింది. నేను చాన్నాళ్లుగా పట్టుకుని కూర్చున్న ఒక అణువు రెండు ఆకారాల్లో ఉంటోంది. ఒక దాన్నుంచి ఇంకొకదానికి నిదానంగా మారుతోంది. అంతకుముందు అందరూ ఒకటే ఆకారం అనుకునేవాళ్లు. నా కాగితం మీద మాత్రం ఒక గీత ఉండాల్సిన చోట రెండు గీతలు, మధ్యలో గోరు పట్టేంత సందు. ఆపరేటరన్న ఆ రోజు యంత్రాన్ని అంత చక్కగా సమం చేయబట్టే ఆ సందు కనపడింది. పొంగిపోయి వ్యాసం పంపాను.

అదే వారం నాన్నకి గుండెనొప్పి వచ్చింది. నెల్లూరులో ఆసుపత్రిలో చేర్చాము. రెండు రోజులకి తేరుకున్నాడు, పండగయ్యాక ఇంటికి పంపిస్తామన్నారు. అమ్మ నా క్వార్టర్సులో ఉండేది. అన్నం సరిగ్గా తినేది కాదు. ఆయుధ పూజ రోజున, కాస్త మనసు మళ్లుతుందని మా ల్యాబుకి తీసుకుపోయాను.

మా దగ్గర ఆయుధ పూజంటే పెద్ద హడావిడి. ముందురోజే యంత్రాలన్నీ తుడుస్తారు. తీయగలిగిన మూతలన్నీ తీసి కడుగుతారు. మా అయస్కాంతం పైన నమూనా దించే రంధ్రం చుట్టూ ఉండే మూత కూడా ఆ రోజు తీసి కిటికీలో ఆరబెట్టారు. రంధ్రం పక్కన వేలెడు సందు తెరుచుకుని ఉంది. డ్రమ్ముకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ప్రతి యేడూ దండ వేసేది ఆపరేటరన్నే. పూలు కట్టించుకొచ్చేదీ ఆయనే.

అమ్మ పుస్తెల గొలుసుకి ఎప్పుడూ పిన్నీసులు వేలాడుతుండేవి. ఆ తరం ఆడవాళ్లకి అదొక పెట్టె. ముల్లు గుచ్చుకుంటే తీయడానికి, జాకెట్టు హుక్కు ఊడితే పెట్టుకోవడానికి. ఊరికే తెరుచుకోకుండా ప్రతి పిన్నీసు తలకీ పసుపు దారం చుట్టుకునేది. అది అమ్మ ఒక్కదాని అలవాటే, ఇంకెవరి దగ్గరా నేను చూడలేదు.

తలుపు దగ్గర ఆపరేటరన్న ట్రే ముందుకు పెట్టారు. గొంతు తగ్గించి, "అమ్మా, ఏమనుకోబాకండి. ఆ పిన్నీసులు మాత్రం తీసి ఇందులో పెడతారా? పోయేటప్పుడు ఇస్తాను" అన్నారు.

అమ్మ చెయ్యి గొలుసు మీదికి పోయింది. భయపడి గట్టిగా పట్టుకుందనుకున్నాను. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, ఈ మనిషి వచ్చి పుస్తెల మీద చెయ్యి వెయ్యమంటాడా అని నాకు ఒళ్లు మండింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది.

"తాళి దాకా పోతావాన్నా? ఆయమ్మ ఉన్న పరిస్థితేంది, నువ్వడిగేదేంది? ఉండనీ. దూరంగా నిలబడతాది" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "తప్పయిపోయింది మేడం" అని ట్రే వెనక్కి తీసుకున్నారు.

దూరంగా నిలబడతాదన్నది నేనే. పూజారి మంత్రాలయ్యాక, "నువ్వే వెయ్యమ్మా దండ" అని అమ్మని మెట్ల స్టూలు ఎక్కించిందీ నేనే. అమ్మ మొహంలో వారం తర్వాత మొదటిసారి వెలుగు చూశాను. అంతలో ఆసుపత్రి నుంచి ఫోనొస్తే వరండాలోకి పోయాను. నాన్న ఇడ్లీ తిన్నాడని చెప్పారు. తిరిగొచ్చేసరికి అమ్మ వంగి దండ సర్దుతోంది, పూలు జారుతున్నాయి, ఆపరేటరన్న స్టూలు పట్టుకుని ఉన్నారు.

నాలుగో రోజు పొద్దున నాన్న పోయాడు.

నేను మళ్లీ ల్యాబుకి వచ్చేసరికి మూడు వారాలు. గీతలు లావుగా పడుతున్నాయి. నా రెండు గీతలు కలిసిపోయి ఒక ముద్దలా ఉన్నాయి. ఆపరేటరన్న రోజంతా నాబ్‌ల దగ్గరే కూర్చుంటున్నారు, సగం మాత్రమే బాగవుతోంది. అదే సమయానికి వ్యాసం వెనక్కి వచ్చింది. కొలత మళ్లీ చేసి చూపమని అడిగారు. చేయడానికి నా దగ్గర ఏముంది? కంపెనీ ఇంజనీర్లు వచ్చారు. ఆ పుస్తకంలో అంకెలు చూశారు, పక్కన తెలుగులో ఉన్నది చదవలేరు. దసరా దగ్గర నుంచే చెడిందని చెప్పారు. ఏదో ఇనుప ముక్క లోపల, గోడకీ, నాబ్‌లు నడిపే తీగచుట్టలున్న గొట్టానికీ మధ్య ఇరుక్కుని ఉండాలన్నారు. తీయాలంటే అయస్కాంతాన్ని పూర్తిగా ఆపాలి. ఆపితే మళ్లీ లేస్తుందన్న భరోసా లేదు.

దసరా సెలవుల్లో ఆ గదికి రోజూ వచ్చింది ఆయనొక్కరే. జేబులో ఎప్పుడూ ఎవరిదో ఒక వాచీ ఉండేది, మధ్యాహ్నం అన్నం తిన్నాక బాగుచేసేవారు. నా బుర్రకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"గదిలోకి వాచీలు తెచ్చినారా?" అని అడిగాను. అన్నా అనలేదు.

"లేదు మేడం. ఆ పని ఎప్పుడూ వరండాలోనే."

"మరి ఆ ముక్క రెక్కలొచ్చి ఎగిరి పడిందా లోపల?"

"నేను చెయ్యలేదు మేడం."

"అయితే ఎవరు చేసినారు? మీకు తెలుసా?"

ఆయన నా మొహంలోకి చూశారు. ఏదో చెప్పబోయి ఆగిన మనిషిలా ఉన్నారు. తర్వాత నేల చూసుకుని, "తెలీదు మేడం" అన్నారు.

ఆ తడబాటుని నేను తప్పుచేసినవాడి తడబాటు అనుకున్నాను. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. అజాగ్రత్త అన్న మాట మూడు చోట్ల వాడాను. ఆయన్ని స్టోర్సుకి మార్చారు, ఫ్లాస్కులు, బీకర్లు ఇచ్చి పుచ్చుకునే పని. యేడాది తర్వాత కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లేరోజు నా గదికి వచ్చి, "నైట్రోజన్ గురువారం మేడం, మరిచిపోబాకండి" అని చెప్పి పోయారు. నేను తలెత్తకుండా సరే అన్నాను.

ఆ అణువు రెండు ఆకారాల సంగతి మరుసటి సంవత్సరం ఎక్కడో వేరేవాళ్లు ప్రచురించారు. నా గీతలే, నా సందే. ఆ పేపరు చదివిన రోజు ఆపరేటర్ని తలచుకుని తిట్టుకున్నాను. ఈ మాట దాచుకోదలచుకోలేదు.

తర్వాత పదకొండేళ్లు ఆ యంత్రం మీద విద్యార్థుల నమూనాలు, సాదా పనులు చేసుకుంటూ వచ్చాను. లావు గీతలతో జరిగే పనులు. సూక్ష్మంగా చూడాల్సిన ప్రశ్నలు అడగడమే మానేశాను. బయటివాళ్లు దాన్ని కూడా పరిశోధన అనే అన్నారు. మొన్న వేసవిలో హీలియం దొరకడం మరీ కష్టమై, అయస్కాంతాన్ని ఆపేయాలని నిర్ణయించారు. ఇంజనీర్లు కరెంటును నిదానంగా దింపేశారు. గంటల తరబడి అంకె తగ్గుతూ వచ్చి సున్నా దగ్గర నిలబడింది. ఆసుపత్రిలో నాన్న పక్కన అలాంటి అంకెలే చూసి ఉన్నాను. గదిలోంచి బయటికి పోయి మొహం కడుక్కుని వచ్చాను.

మర్నాడు లోపలి గొట్టం పైకి లాగితే నేల మీద ఏదో చిన్నగా చప్పుడైంది. ఇంజనీరు వంగి తీసి నా చేతిలో పెట్టాడు. పిన్నీసు. కొంచెం తుప్పు. తల దగ్గర చుట్టిన దారం నల్లబడింది కానీ, మడతలో ఇంకా పసుపు రంగు ఉంది.

పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను. అమ్మని ఎక్కించిన స్టూలే అది.

పాత నోట్‌బుక్కులు స్టోర్సులో అట్టపెట్టెలో ఉన్నాయి. ఆ సంవత్సరం పుస్తకం వెతికి తీశాను. ఆయుధ పూజ రోజు పేజీలో ఆయన గుండ్రటి అక్షరాలు. పూజకి ముందు గీత వెడల్పు, పూజ తర్వాత వెడల్పు. తర్వాతది నాలుగింతలకి మించి ఉంది. దాని కింద: "అమ్మగారి గొలుసుకి వచ్చేటప్పుడు పిన్నీసులు 5. పోయేటప్పుడు 4. మేడం గారికి చెప్పాల." నేను ట్రే వద్దన్నానని, ఆయన కళ్లతోనే లెక్కపెట్టుకున్నారు. మర్నాడు, ఆ మర్నాడు: "మేడం గారు ఆసుపత్రిలో." నాలుగో రోజు: "మేడం గారి నాన్నగారు పోయినారు." ఆ రోజు సిరాతోనే వెనక పేజీకి పోయి, "మేడం గారికి చెప్పాల" అన్న మాటల మీద గీత కొట్టేశారు. స్కేలు పెట్టి కొట్టిన గీత.

చదివి ఉంటే ఒక్క నిమిషం పని. పన్నెండేళ్లు ఆ పుస్తకం నాకు అందుబాటులోనే ఉంది.

వారానికి గాని నాయుడుపేట పోవడానికి ధైర్యం చాలలేదు. బజారు వెనక సందులో ఇల్లు. ముందుగదే దుకాణం, ఇప్పుడు వాచీలు లేవు, ఫోన్ల కవర్లు వేలాడుతున్నాయి. ఆయన భార్య "రండక్కా" అని కుర్చీ వేసింది. ఆయనకి చూపు బాగా తగ్గిపోయింది. నా గొంతు విని లేచి నిలబడబోయారు.

"మాగ్నెట్ ఎట్టుంది మేడం?"

"ఆపేసినాం అన్నా."

పన్నెండేళ్ల తర్వాత ఆ పిలుపు నా నోట్లోంచి వచ్చింది. "చలి పోయిందా అయితే" అన్నారు, తనలో తాను.

పిన్నీసు ఆయన అరచేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమి, దారం దగ్గర ఆగారు.

"దొరికిందా" అన్నారు.

"బుక్కు చూసినా అన్నా. మొన్ననే చూసినా. ఎందుకు చెప్పలేదు నాకు?"

"ఎట్ట చెప్పేది మేడం? నాన్నగారు పోయి నెల గూడా కాలేదు. పుస్తెల గొలుసు నించి ఒకటి పోయింది, నాలుగు రోజులకి ఆయన పోయినాడు. ఆ మాట అమ్మగారి చెవిన పడితే ఏమనుకుంటాది? బతికినన్నాళ్లూ తన చేతులారా చేసినాననుకోదా?"

"నాకొక్కదానికే చెప్పి ఉండచ్చు గదా."

"మీరు కోపంలో ఉండారు. మీకు చెప్తే అమ్మకి చెప్పినట్టే."

నిజమే. ఆ రోజుల్లో నేను ఇంటికి పోయి అమ్మ మీద అరిచి ఉండేదాన్ని. నన్ను నాకంటే ఆయనే బాగా ఎరుగుదురు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తప్పు చేశాను, క్షమించమని అడిగాను. ఆయన ఫరవాలేదని అనలేదు. ఆ మాట తేలిగ్గా అనేసి ఉంటే నాకే నచ్చేది కాదేమో.

"స్టోర్సులో కూచున్న యేడాది కష్టమైంది మేడం" అన్నారు. "మా పాప రోజూ అడిగేది. ఏం పగలగొట్టినావు, అందుకే గదా ఆ రూములోకి రానీరు అని. ఏమీ పగలగొట్టలేదంటే నమ్మేది గాదు."

సంస్థకి ఉత్తరం రాస్తానన్నాను. తప్పు ఆయనది కాదని, ఆయన పేరు మీద ఉన్న మచ్చ తీసేయాలని. ఆయన తల అడ్డంగా ఊపారు.

"రాస్తే ఆ పిన్నీసు ఎవరిదో రాయాల గదా. అమ్మగారు బాగుండారు గదా? అమ్మకి మాత్రం చెప్పబాకండి."

ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర ఆ ఉత్తరం రాశాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. పిన్నీసు నాది అని రాశాను. తలుపు దగ్గర ఆయన తీయమని అడిగారని, నేనే కసిరి ట్రే పక్కన పెట్టించానని రాశాను. రెండోది అక్షరాలా నిజం, అసలు కారణమూ అదే. ఒక ప్రతి ఆయన కూతురికి పంపడానికి విడిగా తీశాను. తనకిప్పుడు ఉద్యోగం, పెళ్లి అన్నీ అయ్యాయి. అయినా తనకి ఆ ఉత్తరం చేరాలి.

అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ నా వంక చూసింది. ఎక్కడికి పోయి వచ్చావంటే నాయుడుపేట అన్నాను. కొంచెంసేపు ఆలోచించి తనే అడిగింది.

"మీ ఆఫీసులో ట్రే పట్టుకోని నిలబడే ఆయనది నాయుడుపేటే గదా? బాగుండాడా?"

"బాగుండాడమ్మా."

"మంచి మనిషి. పూజ రోజు నువ్వు ఆయన్ని అంతమందిలో కసిరేస్తివి, పాపం. ఎంత మర్యాదగా అడిగినాడు! నేను తీసిద్దామనే గొలుసు పట్టుకున్నా. ఇంతలో నువ్వు అరిస్తివి, సరేలే అని ఊరుకున్నా."

చిక్కుడు గింజలు గిన్నెలో వేసి, నారలు నా ముందున్న పాత పేపరు మీదికి తోసింది. నేను ఉత్తరం మడిచి కవరులో పెట్టాను.